కాలువ చివర నుంచి పైకి

రాయచూరు కోట గోడలో 41 అడుగుల పొడవున్న బండరాయి ఒకటి ఉంది. దాని మీద చెక్కింది తెలుగు శాసనం. కాకతీయుల సామంతుడు గోన గన్నారెడ్డి తరఫున విఠలనాథుడు 1294లో ఈ కోట కట్టించాడని అది చెబుతుంది. అంత పెద్ద రాయిని బండి మీద ఎలా లాక్కొచ్చారో కూడా బొమ్మలుగా చెక్కారు. కృష్ణా తుంగభద్రల నడుమ ఉన్న ఈ నేల కోసం రాజులు తరతరాలు కొట్టుకున్నారు. 1520లో కృష్ణదేవరాయలు బీజాపూరు సుల్తాను ఇస్మాయిల్ ఆదిల్ షాను ఓడించింది ఇక్కడే. సైన్యాలు వచ్చాయి, పోయాయి. ఊళ్లు కట్టుకుని నిలిచిపోయిన తెలుగు రైతులు మాత్రం చాలా ఆలస్యంగా వచ్చారు. ఎడ్లతో, వరి విత్తనంతో వచ్చిన వాళ్లను రప్పించింది ఒక కాలువ.

ఆ కాలువ పేరు తుంగభద్ర ఎడమ కాలువ. దాని ఒడ్డున, పొలాల మధ్యన వెలసిన తెలుగువాళ్ల ఊళ్లను క్యాంపులంటారు. కర్ణాటకలోని రాయచూరు, కొప్పళ జిల్లాల్లో ఇలాంటివి చాలా ఉన్నాయి. వాటిని చూద్దామని వెళ్లేవాళ్లు ఎక్కువగా హోస్పేట దగ్గర డ్యాము చూసి, గంగావతి మీదుగా నీళ్ల వెంట కిందికి దిగుతారు. నేను రాయచూరు నుంచి ఎదురు వెళ్లాను. కాలువ ఎక్కడ ఆరిపోతుందో ముందు చూస్తే, అది ఎక్కడ పారుతుందో తర్వాత బాగా అర్థమవుతుంది.

రాయచూరు నుంచి మాన్వి మీదుగా సింధనూరు సుమారు 90 కిలోమీటర్లు. బస్సు ఊరు దాటగానే నల్లరేగడి మొదలవుతుంది. పత్తి, కంది, మిరప, జొన్న. మధ్య మధ్య రాళ్ల గుట్టలు. బస్సులో కన్నడం, తెలుగు, ఉర్దూ ఒకే సంభాషణలో కలిసిపోతాయి. 1948 దాకా నిజాం రాజ్యంలో ఉండి, 1956 నవంబరు 1న మైసూరు రాష్ట్రంలో కలిసిన జిల్లా ఇది. ఇక్కడ మూడు భాషలు రావడం ఎవరికీ గొప్ప కాదు.

మాన్వి దగ్గర టీ కొట్టు ముందు కూర్చున్న రైతులను కాలువ గురించి అడిగితే ముందు నవ్వారు. ఒకాయన చేతిలోని పేపరు చూపించి, "నీళ్లు ఇందులో రోజూ వస్తాయండి, పొలానికే రావు" అన్నాడు. ఎడమ కాలువ పొడవు 226 కిలోమీటర్లు, పాత లెక్కలో 141 మైళ్లు. ఇక్కడి రైతులు ఇప్పటికీ మైళ్లలోనే మాట్లాడతారు. 104వ మైలు దగ్గర గేజీలో ఎన్ని అడుగుల నీరుందన్నది వాళ్లకు వానకన్నా పెద్ద వార్త. అక్కడ అడుగు తగ్గితే కింద ఎన్నో ఊళ్ల పంట పోతుంది. గేజీలో నీటిమట్టం నిలబెట్టాలని చివరి భూముల రైతులు రోడ్డెక్కడం దాదాపు ఏటా జరిగే పనే. పిల్లకాలువలకు పేర్లు లేవు, నంబర్లే. 54వది, 76వది అంటూ చుట్టాల గురించి చెప్పినట్టు చెబుతారు.

"పైన క్యాంపులోళ్లు వరి వేస్తారు. వరికి నిలవ నీళ్లు కావాలి కదా. వాళ్లు కట్టుకున్నాక మిగిలిందే మాకు" అన్నాడు ఇంకొకాయన. ఆ మాటలో కోపం కన్నా అలవాటు ఎక్కువ.

ఈ తగాదా మూలం కాలువ గీసిన రోజుల్లోనే ఉంది. 1876–78 నాటి ధాత కరువులో బళ్లారి, రాయచూరు ప్రాంతాలు ఎండిపోయి జనం లెక్కలేనంతగా చనిపోయారు. తుంగభద్ర మీద జలాశయం కట్టాలన్న ఆలోచన అంతకు ముందే, 1860లో, సర్ ఆర్థర్ కాటన్‌కు వచ్చింది. కానీ నదికి కుడి ఒడ్డు మద్రాసు ప్రభుత్వానిది, ఎడమ ఒడ్డు నిజాంది. ఇద్దరూ ఒక ఒప్పందానికి రావడానికి 1944 దాకా పట్టింది. 1945 ఫిబ్రవరి 28న అటు మద్రాసు గవర్నరు, ఇటు నిజాం కొడుకు బేరారు యువరాజు పునాదిరాళ్లు వేశారు. 1953 జులైలో మొదటిసారి నీళ్లు వదిలారు. మూడు నెలల తర్వాత అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం పుట్టింది, బళ్లారి మైసూరుకు వెళ్లింది. కాలువను చివరిదాకా తవ్వేసరికి 1960లు గడిచాయి.

కరువును ఆపడానికి కట్టిన ప్రాజెక్టు కాబట్టి ఎడమ కాలువ లెక్కే వేరు. గోదావరి డెల్టాలో లాగా కొద్ది నేలకు నిండుగా నీళ్లివ్వడం దాని ఉద్దేశం కాదు. ఉన్న నీటిని సుమారు 6 లక్షల ఎకరాలకు పలచగా పంచాలి. జొన్న, పత్తి, వేరుశనగ వంటి ఆరుతడి పంటలకు ఒకటి రెండు తడులు అందితే కరువులో ఏ ఊరూ చావదు. ఏ సర్వే నంబరులో ఏ పంట వేయాలో ముందే రాసిపెట్టారు. వరికి కేటాయించింది మొత్తంలో పదో వంతు లోపే. కాగితం మీద ఇంత న్యాయమైన పంపకం అరుదు.

కానీ నీళ్లు వచ్చేసరికి స్థానిక రైతు దగ్గర ఆ నీటిని వాడుకునే సరంజామా లేదు. తరాలుగా వర్షాధారపు జొన్న పండించినవాడు అతను. ఎగుడుదిగుడు రేగడి చదును చేయాలి, గట్లు పోయాలి, బోదెలు తీయాలి. అన్నిటికీ పెట్టుబడి కావాలి. పెద్ద కమతాలున్న దొరలకు భూ సంస్కరణల భయం, చిన్న రైతుకు అప్పు భయం. సరిగ్గా అప్పుడే కోస్తా నుంచి కొనుగోలుదార్లు దిగారు.

వాళ్లకు వరి కొత్త కాదు. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో, బెజవాడ ఆనకట్ట 1855లో పూర్తయ్యాక మూడు నాలుగు తరాలుగా కాలువ నీళ్లతో బతికిన కుటుంబాలవి. అన్నదమ్ముల పంపకాల్లో కమతాలు చితికిపోయాయి, ఎకరం ధర చుక్కలనంటింది. గోదావరి ఆనకట్ట కట్టించిన కాటనే తుంగభద్ర మీదా జలాశయాన్ని ఊహించాడు. ఆయన మొదటి పని వల్ల వరి నేర్చిన వాళ్లు, రెండో ఆలోచన నిజమయ్యే వేళకు మనవళ్లను తీసుకుని ఇక్కడికి చేరారు.

సింధనూరులో దిగితే వచ్చింది కర్ణాటకకేనా అనిపిస్తుంది. ఎరువుల దుకాణాలు, ట్రాక్టరు షోరూములు, తెలుగు సినిమా పోస్టర్లు, గోంగూర పచ్చడి వడ్డించే మెస్సులు. 2024లో ఊరికి రైలు కూడా వచ్చింది. ఇక్కడ చాలామందికి తెలియని ఇంకో వలస కూడా ఉంది. తూర్పు పాకిస్తాన్ నుంచి వచ్చిన బెంగాలీ శరణార్థులకు కేంద్ర ప్రభుత్వం ఈ తాలూకాలోనే భూమి ఇచ్చి స్థిరపరిచింది. ఆ కాలనీలను ఆర్‌హెచ్ క్యాంపులంటారు, వాటికీ నంబర్లే. అక్కడ దుర్గాపూజ జరుగుతుంది, చేపల కూర వండుతారు, పిల్లలు కన్నడ బడికి వెళతారు. వచ్చి యాభై ఏళ్లు దాటినా పౌరసత్వం తేలనివాళ్లు ఉన్నారు. 2024లో కొందరికి కొత్త చట్టం కింద పౌరసత్వ పత్రాలు అందాయి. ఒకే తాలూకాలో, ఒకే కాలువ కింద, భూమి కొనుక్కుని వచ్చినవాళ్లూ ఉన్నారు, దేశం పోగొట్టుకుని వచ్చినవాళ్లూ ఉన్నారు.

సింధనూరు దాటి కారటగి వైపు వెళుతుంటే రోడ్డుకు రెండు పక్కలా పచ్చదనం చిక్కబడుతుంది. జొన్నచేలు మాయమై వరి మళ్లు వస్తాయి. పేరు రాయను గానీ, ఆ దారిలో ఒక క్యాంపులో ఆగాను. నూరు గడప దాటని ఊరు. నిట్టనిలువు వీధి, రామాలయం, పాలకేంద్రం, వడ్లు ఆరబోసుకునే కళ్లం. ఇళ్లు కొన్ని పాతకాలపు పెంకుటిళ్లు, కొన్ని రెండంతస్తుల డాబాలు. మధ్యలో తాళం పడినవి చాలా కనిపించాయి.

రామాలయం అరుగు మీద కూర్చున్న పెద్దాయన నా తెలుగు వినగానే, "ఏ ఊరు బాబూ మీది?" అన్నాడు. చెప్పాక, తనది తణుకు దగ్గర అన్నాడు. ఆయన పుట్టింది ఈ క్యాంపులోనే. అయినా ఊరేదంటే తండ్రి ఊరే నోటికొస్తుంది.

"మా నాన్న అక్కడ ఎకరం అమ్మితే ఇక్కడ పదెకరాలు వచ్చిందంట. ముందు మగాళ్లే వచ్చారు. గుడిసెలేసుకుని, నేల చదును చేసి, ఒక పంట ఇంటికొచ్చాక ఆడాళ్లని తీసుకొచ్చారు. తేళ్లు, పాములు, జ్వరాలు. మా అమ్మ ఏడ్చేదంట, కొబ్బరిచెట్టు లేని ఊరుకి తీసుకొచ్చావని."

లోపలి నుంచి మజ్జిగ తెచ్చిన వాళ్లావిడ అందుకుంది. "ఆ ఏడుపు అక్కడితో ఆగలేదండి. పెళ్లి సంబంధాలన్నీ అక్కడి నుంచే. నేనూ అలా వచ్చినదాన్నే. బస్సులు మారి మారి రావాలి. పుట్టింటికి పోవాలంటే పంట డబ్బులు రావాలి."

క్యాంపుల జనాభా పెరిగిన తీరు ఇదే. మొదట చుట్టాలు చుట్టాలను పిలిచారు. భూములు కొన్నవాళ్లలో కమ్మవారు ఎక్కువ. వాళ్ల వెంట ఇతర కులాల రైతులు, చాకలి, మంగలి, వడ్రంగి కుటుంబాలు, నాట్లు కోతలు తెలిసిన దళిత కూలీలు కూడా వచ్చారు. ఎక్కడి నుంచి వచ్చారో ఆ ఊరి వీధులే మళ్లీ ఇక్కడా గీసుకున్నారు. రామాలయం చుట్టూ ఒక వరస, కాలువ గట్టున ఇంకో వరస. కొబ్బరి, మామిడి తర్వాత నాటుకున్నారు, కులాల మధ్య దూరాన్ని మాత్రం వచ్చేటప్పుడే వెంట తెచ్చుకున్నారు. భూమి కొన్న కుటుంబాల కథలు అరుగుల మీద ఎంతసేపైనా వినొచ్చు. వెంట వచ్చిన కూలీ కుటుంబాల కథ అడిగితే, "వాళ్లూ మాతోపాటే వచ్చారు" అన్న ఒక్క ముక్కతో అయిపోతుంది.

పొలం అమ్మిన వాళ్ల సంగతేమిటి? పెద్దాయన కాసేపు ఆలోచించి, పక్క ఊరి వైపు చెయ్యి చూపాడు. "అదిగో, ఆ కన్నడపోళ్లదే ఈ భూమంతా. వాళ్ల తాతలు మాకు అమ్మారు. ఇప్పుడు మా అబ్బాయి హైదరాబాదులో, మనవడు అమెరికాలో. నాకు ఓపిక లేదు. మా పొలం కౌలుకు చేసేది ఆ అమ్మినాయన మనవడే." చెప్పి తనే నవ్వాడు. నేల చదును చేయడం, నారు పోయడం, మందు కొట్టడం చూసి నేర్చుకున్న చుట్టుపక్కల ఊళ్ల రైతులు ఇప్పుడు క్యాంపు వాళ్లకేమీ తీసిపోరు. వరి పండించే నేర్పు ఒక తరంలోనే చేతులు మారింది. భూమి కాగితాల్లో పేరు మాత్రం మారలేదు.

బడి వదిలిన పిల్లలు వీధిలోకి వచ్చారు. వాళ్లలో వాళ్లు కన్నడంలో అరుచుకుంటూ, అమ్మమ్మ పిలవగానే తెలుగులో పలికారు. తెలుగు చదవడం, రాయడం ఎక్కువమందికి రాదు. 371(జె) అధికరణం వచ్చాక కన్నడంతో పాటు స్థానికత కాగితమూ ముఖ్యమైంది. 2012లో చేసిన ఆ రాజ్యాంగ సవరణ వెనుకబడిన హైదరాబాద్ కర్ణాటక జిల్లాల వాళ్లకు చదువుల్లో, ఉద్యోగాల్లో ప్రత్యేక రిజర్వేషన్లిచ్చింది. ఇక్కడే పుట్టి పెరిగిన క్యాంపు పిల్లలకూ అది వర్తిస్తుంది. తాత వలస వచ్చినవాడు, మనవడు చట్టప్రకారం స్థానికుడు. అరుగు మీద "తణుకు" అని చెప్పే పెద్దాయన ఇంట్లోనే మనవరాలి స్థానికత పత్రం గోడకు కట్టిన ఫైల్లో భద్రంగా ఉంది.

కారటగి నుంచి సిద్ధాపుర, శ్రీరామనగర మీదుగా గంగావతి దాకా రోడ్డు పొడవునా రైసు మిల్లులే. ఊక వాసన కిటికీ మూసినా వస్తుంది. గంగావతిని కన్నడిగులు తమ అన్నపు గిన్నె అంటారు. ఇక్కడి సన్నబియ్యం సోనామసూరి పేరుతో బెంగళూరు, హైదరాబాదు వంటిళ్లకు చేరుతుంది. బాపట్ల పరిశోధనా కేంద్రం 1986లో విడుదల చేసిన బీపీటీ 5204 వరి రకం ఈ మళ్లలో బాగా నాటుకుంది. తర్వాత గంగావతి వ్యవసాయ పరిశోధనా కేంద్రమే గంగావతి సోనా అనే రకం తెచ్చింది.

అదే పరిశోధనా కేంద్రం దశాబ్దాలుగా చేస్తున్న ఇంకో పని చౌడు నేలల మీద. నల్లరేగడి నీళ్లను పట్టి ఉంచుతుంది, కిందికి దిగనివ్వదు. ఏడాదికి రెండు వరి పంటలు వేసి నీళ్లు నిలవబెడితే అడుగున ఉన్న ఉప్పు పైకి వస్తుంది. కాలువకు దగ్గరగా, పల్లంలో ఉన్న పొలాల మీద తెల్లటి పొర కనిపిస్తుంది. చివరి భూములకు నీళ్లు లేక పంట పోతుంటే, పై భూములకు నీళ్లెక్కువై నేల పోతోంది. మాన్వి టీ కొట్టు దగ్గర విన్నదానికీ గంగావతి పొలంలో చూసినదానికీ కారణం ఒకటే. పలచగా పంచాల్సిన నీటిని మందంగా వాడటం.

అయితే వరి ఈ నేలకు క్యాంపులవాళ్లే తెచ్చారనడం కూడా సరికాదు. గంగావతి పక్కనే ఆనెగొంది. నదికి ఆనుకుని విజయనగర రాజులు తవ్వించిన కాలువలు ఇటువైపూ, హంపి వైపూ ఇప్పటికీ పారుతున్నాయి. వాటి కింద వరి, అరటి, చెరుకు శతాబ్దాలుగా పండుతున్నాయి. రాజుల కాలువ నది ఒడ్డు పల్లాన్నే తడిపింది. కొత్త కాలువ ఎత్తున పారి, ఎన్నడూ నీరెరగని మెట్టకు తడి తెచ్చింది. కోస్తా రైతులు కొన్నది ఆ మెట్టనే.

చివరికి మునిరాబాదు చేరాను. ఎడమ కాలువ పుట్టేది ఇక్కడే. మొదట్లో 133 టీఎంసీలు పట్టిన జలాశయంలో పూడిక చేరి ఇప్పుడు సుమారు 105.8 టీఎంసీలే పడుతున్నాయి. పోయిన నీటికి బదులుగా కనకగిరి దగ్గర నవలి వద్ద ఇంకో జలాశయం కట్టాలన్న ప్రతిపాదన చాలా ఏళ్లుగా నలుగుతోంది. 2024 ఆగస్టు 10 రాత్రి 33 గేట్లలో 19వ గేటు గొలుసు తెగి గేటు కొట్టుకుపోయింది. నిండిన జలాశయంలోని నీరు నదిలోకి పోతుంటే మాన్వి నుంచి అనంతపురం దాకా రైతులు నిద్రపోలేదు. గేట్ల నిపుణుడు కన్నయ్య నాయుడు ఆధ్వర్యంలో వారంలోపే అక్కడ స్టాప్‌లాగులనే తాత్కాలిక అడ్డు పలకలు దించి నీటిని ఆపారు. ఎగువా దిగువా, తెలుగూ కన్నడమూ, కుడి కాలువా ఎడమ కాలువా ఒకే గొలుసు మీద ఆధారపడి ఉన్నాయని ఆ వారం అందరికీ అర్థమైంది.

క్యాంపుల జనాభా ఎంత? ఈ ప్రశ్నకు జనగణన పుస్తకాల్లో సూటి జవాబు దొరకదు. జనగణన లెక్క రెవెన్యూ గ్రామం లెక్కన ఉంటుంది. క్యాంపుల్లో చాలావాటికి ఆ హోదా లేదు. వాటి మనుషులు పక్క పాత ఊరి అంకెలో కలిసిపోతారు. తాండాలు, హట్టీలు, క్యాంపుల వంటి ఆవాసాలను రెవెన్యూ గ్రామాలుగా మార్చే పని కర్ణాటక ప్రభుత్వం కొన్నేళ్లుగా చేస్తోంది. అది పూర్తయితే ఇంటి స్థలానికి పట్టా వస్తుంది, ఊరికి సొంత అంకె వస్తుంది. భూమి ఉన్నవాడికి ఇది కేవలం గుర్తింపు. కాలువ గట్టున గుడిసె వేసుకున్న కూలీకి మాత్రం ఇదే మొదటి ఆస్తి.

అంకె వచ్చినంత మాత్రాన చరిత్ర రాదు. క్యాంపుల గురించి మనం చెప్పుకునే కథలో కష్టపడి బీడును మాగాణి చేసిన కోస్తా రైతు ఉన్నాడు. అది నిజమే. ఆ కథలో అతని వెంట నడిచి వచ్చిన కూలీ లేడు. అప్పుకు భయపడి భూమి అమ్మిన కన్నడ రైతు లేడు. తనకు రాసిపెట్టిన నీటి కోసం ఇప్పటికీ రోడ్డెక్కే మాన్వి రైతు లేడు. ఈ నలుగురినీ కలిపి రాస్తేనే అది ఆ ఊళ్ల చరిత్ర అవుతుంది. నీటిని కాలువ మొత్తానికి పంచుకోవడానికి ఒప్పుకుంటేనే ఆ ఊళ్లకు భవిష్యత్తూ ఉంటుంది. ఆరుతడి పంటలకు గిట్టుబాటు ధర ఇవ్వకుండా వరి మానమని రైతుకు చెప్పడంలో అర్థం లేదు. ఆ ధర ఇవ్వాల్సింది ప్రభుత్వం.

తర్వాతి జనగణనకు 2027 మార్చి 1 ప్రామాణిక తేదీ. మీ చుట్టాల్లో ఎవరైనా తుంగభద్ర క్యాంపుల్లో ఉంటే ఆలోపే ఒకసారి వెళ్లిరండి. మొదటి గుడిసె చూసిన ఒకరిద్దరు పెద్దవాళ్లు ఇంకా ఉండే ఉంటారు. వాళ్లు చెప్పేది రాసుకోండి. రామాలయం వీధిలో విన్నాక, కాలువ గట్టు వీధికి కూడా వెళ్లి అడగండి.